పోస్టింగ్ వచ్చేదాకా ఏం చేయాలి? మేనల్లుడికి ఒక లేఖ

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి,

ప్రభువు నామంలో శుభములు. నీ ఉత్తరం అందింది. 2018 తర్వాత మళ్లీ ప్రభుత్వ బడి టీచర్ల డీఎస్సీ నియామకాలు జరిగేసరికి 2025 వచ్చిందనీ, అన్నాళ్లూ చదివి, ఉపవాసముండి ప్రార్థించినా కొద్ది మార్కుల్లో పోస్టు చేజారిందనీ, ఇక ఎవరైనా "ఓర్పు పట్టు" అంటే ఒళ్లు మండుతోందనీ రాశావు. నీ కోపాన్ని నేను తప్పుపట్టను. బైబిల్లో పదమూడవ కీర్తన తెరిచి చూడు, ఎన్నాళ్లు, ఎంతకాలం, ఎంతవరకు అని దావీదు మొదటి రెండు వచనాల్లోనే దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీశాడు. ఓర్పుగలవాడని యాకోబు తన పత్రికలో మెచ్చుకున్న యోబు సైతం అధ్యాయాల తరబడి దేవునితో వాదించినవాడే. నోరు మూసుకుని ఉండటమే ఓర్పని నీకెవరైనా చెప్పి ఉంటే ఆ మాట పట్టించుకోకు.

నన్ను కలవరపెట్టింది నీ ఉత్తరంలోని వేరే సంగతి. సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పమంటే పోస్టింగ్ వచ్చాక అన్నావట. పెళ్లి మాట ఎత్తినా అదే జవాబు. ప్రైవేటు బడిలో లెక్కల టీచరు పని దొరుకుతున్నా, అందులో చేరితే విశ్వాసం సన్నగిల్లినట్టు అవుతుందేమోనని వెనకాడుతున్నావు. కొత్త సంవత్సరానికి చర్చిలో ఇచ్చిన, బైబిలు వచనమున్న వాగ్దానం కార్డును గదిలో గోడకు అతికించుకుని దాని ఫోటో కూడా పంపావు. గులాబీల బొమ్మ, దాని కింద యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." మంచి వచనమే. అయితే దాని పై వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. జనవరి 1న ఆ మాటున్న కార్డు చేతికొస్తే సంతోషించేవాడెవడు?

ఆ అధ్యాయం కూడా ఒక ఉత్తరమే. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజైన యెకొన్యాతో పాటు చెరపట్టుకుపోయిన వారికి యిర్మీయా ప్రవక్త దాన్ని బబులోనుకు పంపాడు. ఆ రోజుల్లోనే హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనమంతా వింటుండగా, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని చెప్పి, బబులోనుకు లోబడాలనే దానికి గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు. రెండేళ్లన్నవాడి మాట ఎంత తియ్యగా ఉండి ఉంటుందో ఆలోచించు. ఇన్ని రోజులు ఉపవాసముంటే, ఇంత కానుక మొక్కుకుంటే, ఈ నూనె రాసుకుంటే ఉద్యోగం ఖాయమని నీకు చెబుతున్నవారు ఆ హనన్యా బాటలోనే నడుస్తున్నారని నా అభిప్రాయం. ఉపవాస ప్రార్థన మానమని నేను అనను, కానీ దానితో దేవునికి గడువు పెట్టకు.

యిర్మీయా చెరలో ఉన్నవారిని ఊరికే కూర్చుని రోజులు లెక్కపెట్టమనలేదు. ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటి వాటి పండ్లు తినమన్నాడు, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనమన్నాడు, తమను చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. ఆ ఉత్తరం విన్న నడివయసువారిలో ఎక్కువమంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. చెరలో ఉన్నవారు తిరిగి వెళ్లవచ్చని పారసీక రాజు కోరెషు ఆజ్ఞ వెలువడేనాటికి తిరిగి బయలుదేరినవారిలో చాలామంది వారి పిల్లలు, మనవళ్లే. ఇది మింగుడుపడని మాటే అయినా, వాగ్దానాన్ని నమ్ముకోవడమంటే దానిలోని ఈ భాగాన్ని కూడా ఒప్పుకోవడమే గదా నాయనా.

తిరుపతిని బబులోనుతో పోలుస్తున్నానని అనుకోకు. నిన్నెవరూ చెరపట్టుకుపోలేదు, కోచింగ్ కోసం నీ అంతట నువ్వే వెళ్లావు. కానీ ఇన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉంటూ రైలు దిగిన ప్రయాణికుడిలా సంచి విప్పకుండా కూర్చున్నావు. ప్రార్థనలో నీ ర్యాంకు సంగతి ఒకసారి చెప్పి, తర్వాత ఆ ఊరి కోసం, రుయా ఆసుపత్రిలో పడి ఉన్న రోగుల కోసం, నీతో పాటు డీఎస్సీకి చదువుతున్న అందరి కోసం, వారు ఏ మతంవారైనా సరే, పేరుపేరునా ప్రార్థించు.

ఆ బడిలో చేరు. ఉదయం చదువుకునే వేళ మాత్రం వదులుకోకు, మళ్లీ నోటిఫికేషన్ వస్తే తప్పక రాయి. జీతం ఎగ్గొట్టడానికి చూస్తే ఓర్పు పేరు చెప్పుకుని ఊరుకోకు, మర్యాదగా, గట్టిగా అడుగు. తొలకరి వర్షం, కడవరి వర్షం కోసం ఓర్పుతో ఎదురుచూసే రైతు మాట రాయడానికి ముందే, కూలివాళ్ల కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు కడిగిపారేశాడు. సండే స్కూలు సంగతి వచ్చే ఆదివారమే మీ పాస్టరుగారితో మాట్లాడు.

సంబంధం విషయం అమ్మతో నేను మాట్లాడతాను, దాని గురించి నువ్వు కంగారుపడకు. బడివాళ్లు సోమవారం దాకా గడువిచ్చారని రాశావు కాబట్టి, శనివారమే వెళ్లి ఒప్పుకుని రా.

ఆశీస్సులతో,
మీ పెద్దమామ