నైట్ షిఫ్ట్ తర్వాత పరుగులో ఆయాసం: సమాధానం

బెంగళూరు మారతహళ్ళిలో నైట్ షిఫ్ట్ దిగి, పడుకోకుండా నేరుగా కబ్బన్ పార్కుకెళ్తే రెండో రౌండుకే ఆయాసం వస్తోందనీ, స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పరీక్ష) మాత్రం నార్మల్ అనీ రాశారు. ఆ రెండూ కలిసి ఉండొచ్చండి. స్పైరోమెట్రీ అంటే కొన్ని సెకన్లు గట్టిగా ఊదడమే, అది ఊపిరి కండరాల ఓపికను కొలవదు. నిద్ర లేకపోతే దెబ్బ తగిలేది ఆ ఓపికకే. ఫ్రాన్స్‌లో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యవంతులు ఒక్క రాత్రి మేలుకున్నాక, అడ్డు పెట్టిన గొట్టంలోంచి గాలి పీల్చగల సమయం దాదాపు సగానికి పడిపోయింది. ఊపిరి కండరాలకు మెదడు నుంచి అందే ఆదేశమే బలహీనపడిందని తేల్చారు.

అందుకే సొంతంగా ఇన్‌హేలర్ కొనకండి, ముందు కడుపునిండా నిద్రపోండి. పరుగు సాయంత్రానికి మార్చుకోండి. నిద్ర సరిపోయాక కూడా ఆయాసం ఉన్నా, పిల్లికూతలు వినిపించినా పల్మనాలజిస్టుని (ఊపిరితిత్తుల డాక్టరుని) కలవండి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.