గని మాట: లెక్క లిమిట్‌లోనే ఉంది, దగ్గు మాత్రం తగ్గదు

ప్రశ్న: అయ్యా, మా ఆయన గ్రానైట్ క్వారీలో పదకొండేళ్లుగా జాక్‌హ్యామర్‌తో హోల్స్ కొడుతున్నాడు. ఆర్నెల్లుగా పొడి దగ్గు. నిరుడు ఎవరో వచ్చి దుమ్ము కొలిచి, లిమిట్‌లోనే ఉందని రాసిచ్చి పోయారట. ముక్కుకు తడి తువ్వాల కట్టుకునే పనిచేస్తాడు. ఊపిరితిత్తులు పాడయ్యేది బొగ్గు బాయి వాళ్లకే, మాకేం కాదంటాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఆయన చివర అన్నమాట దగ్గర మొదలుపెడతానమ్మా. బొగ్గు దుమ్ము చెడ్డదే. రాతి దుమ్ము అంతకంటే చెడ్డది, ఎందుకంటే అందులో ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా అనే ఖనిజం ఉంటుంది. అన్ని రాళ్లలో ఒకేలా ఉండదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని గ్రానైట్ అని అమ్ముతారు గానీ నిజానికి అది గాబ్రో అనే రాయి, సిలికా స్ఫటికాలు తక్కువ. మీ కరీంనగర్ టాన్ బ్రౌన్ అసలు గ్రానైట్. అందులో ఐదో వంతుకు తక్కువ కాకుండా క్వార్ట్జ్ ఉంటుంది. క్వార్ట్జ్ అంటే సిలికాయే.

ఇక తువ్వాల. సాయంత్రం విప్పితే తెల్లగా కనిపిస్తుంది, 'చూశావా, ఎంత పట్టిందో' అనిపిస్తుంది. పట్టింది ముతక పొడిని. దాన్ని మన ముక్కు కూడా చాలావరకు ఆపుతుంది. ఊపిరితిత్తుల చివరిదాకా పోయేది 4, 5 మైక్రాన్ల లోపు రేణువు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). తలవెంట్రుక మందం 70 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది, పోల్చి చూసుకోండి. 1 మైక్రాన్ రేణువు గాలి కదలని చోట మనిషి ఎత్తు నుంచి నేలకు దిగడానికే గంటలు పడుతుంది. హోల్ కొట్టడం ఆపేసి, పొగలాంటిది పోయిందని తువ్వాల కిందికి లాగి బీడీ వెలిగించుకుంటారు చూశారా, అసలైనది అప్పుడే లోపలికి పోతుంది.

ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్క్ తువ్వాల కంటే చాలా నయం. గడ్డం ఉంటే అంచు దగ్గర సందు పడుతుంది. మే నెల ఎండలో ఎనిమిది గంటలు మాస్క్ వేసుకో అని ఆఫీసులో కూర్చుని చెప్పడం తేలిక. గని ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ అలాగే చెప్పేవాణ్ని. అందుకే మాస్క్ కంటే ముందు నీళ్లు. డ్రిల్ రాడ్ లోపలి నుంచి హోల్ అడుగుకు నీళ్లు పంపితే దుమ్ము పుట్టిన చోటే బురదవుతుంది. అలా చేస్తే దుమ్ము 86 నుంచి 97 శాతం దాకా తగ్గినట్టు పాత పరిశోధనల్లోనే తేలింది. క్వారీలో ఎందుకు చెయ్యరంటే ఎండాకాలం నీళ్లుండవు, చలికాలం పొద్దున్నే బురద చిమ్మి బట్టలు తడుస్తాయి. రెండూ నిజమైన ఇబ్బందులే. ట్యాంకర్, రెయిన్‌కోటు ఇప్పిస్తే రెండూ తీరతాయి. ఆ ఖర్చు పెట్టాల్సింది మీ ఆయన కాదు.

దుమ్ము కొలతల విషయానికొస్తే నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను ఒక బొగ్గు బాయిలో వెంటిలేషన్ చూసే రోజుల్లో పర్సనల్ శాంప్లర్లు వచ్చాయి, అంటే కార్మికుడు ఒంటి మీద పెట్టుకునే దుమ్ము కొలిచే పరికరాలు. నడుముకు చిన్న పంపు, దానికో రబ్బరు పైపు, కాలర్ దగ్గర ఫిల్టర్. షిఫ్ట్ అయ్యాక ఫిల్టర్‌ను ల్యాబ్‌లో తూకం వేస్తారు. మొదటి రిపోర్టు చూసి పొంగిపోయాను, లిమిట్‌లో సగం కూడా లేదు. తర్వాత వారం పనిచేసే చోటే షిఫ్టంతా నిలబడ్డాను. డ్రిల్లర్ రాగానే పంపు విప్పి, లోపలికి గాలి వచ్చే దారిలో, పైకప్పుకు ఊతంగా నిలిపిన దిమ్మెకు మేకు చూసి తగిలించాడు. అదేంటయ్యా అంటే, "సార్, నడుముకు తగులుతుంటే డ్రిల్ పట్టు దొరకదు. పగిలిపోతే మళ్లీ మీరే అంటారని భద్రంగా పెట్టిన" అన్నాడు. మేం కొలిచింది మంచి గాలిని! ఆ రిపోర్టు మీద సంతకం నాదే.

కాబట్టి మీ ఆయన్ని ఒకటే అడగండి: కొలిచిన రోజు పంపు ఎవరి ఒంటి మీద ఉంది, డ్రిల్ నడిచిందా లేదా?

అమెరికా బొగ్గు గనుల్లో ఇప్పుడు క్యాప్ ల్యాంప్‌లాగే నడుముకు తగిలించుకునే మీటర్ ఉంది. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు, షిఫ్ట్ నడుస్తుండగానే ఎంత దుమ్ము పీల్చాడో కార్మికుడే చూసుకుంటాడు. అంకె పెరిగితే గాలి వచ్చే వైపుకు జరిగి నిలబడతాడు. అయినా ఒక లోటు ఉంది. ఆ మీటర్ దుమ్ము బరువే చెబుతుంది, అందులో సిలికా ఎంతో అప్పటికప్పుడు చెప్పలేదు. అక్కడ బొగ్గు పొరలు పల్చబడి, బొగ్గుతో పాటు రాయినీ కోయాల్సి వస్తోంది. వర్జీనియాలోని మూడు క్లినిక్‌లలో 2013 నుంచి 2017 వరకు 416 మంది గని కార్మికులకు ముదిరిన బ్లాక్ లంగ్, అంటే గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు, బయటపడింది. ఆ జబ్బు పోయినట్టే అనుకున్న దేశం అది.

మీరు చేయాల్సింది: ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, నోరు తెరవగానే "పదకొండేళ్లుగా రాయి డ్రిల్ కొడుతున్నాడు" అని చెప్పండి. ఈ ముక్క చెప్పకపోతే ఎక్స్‌రేలో మచ్చలు చూసి ఒట్టి టీబీ అనుకునే ప్రమాదం ఉంది. సిలికా పట్టిన ఊపిరితిత్తులకు టీబీ కూడా తేలిగ్గా వస్తుంది కాబట్టి గళ్ల పరీక్ష చేయించండి, ఊది చూసే పరీక్ష కూడా. టీబీ మందులు ఇస్తే మధ్యలో ఆపొద్దు. సిలికా దుమ్ముతో వచ్చే ఈ జబ్బును సిలికోసిస్ అంటారు. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు, దుమ్ములోంచి బయటికి రావడమే. పరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో అది ఉంది. ఎక్స్‌రే ఫిల్ములు, పనిచేసిన కాగితాలు, జీతం చీటీలు ఒక సంచిలో దాచండి. ఆయన చొక్కా మీరు వాకిట్లో దులపకండి, ముందు నీళ్లలో ముంచండి.

ప్రశ్న: సార్, నేను మైనింగ్ డిప్లొమా రెండో ఏడాది. గని రూఫ్ (పైకప్పు రాయి) ఎంత గట్టిదో రేటింగ్ ఇచ్చే పద్ధతులున్నాయి, పరికరాలున్నాయి. ఇంకా రాడ్‌తో తట్టి శబ్దం వినడం ఎందుకు? మా తాతేమో కర్ర దిమ్మెలే నయం అంటాడు.
- బెల్లంపల్లి నుంచి ఒక విద్యార్థి

జవాబు: తాత చెప్పింది కొట్టిపారేయకు తమ్ముడూ. రూఫ్ బరువు మీద పడుతుంటే కర్ర దిమ్మె ముందే కిర్రుమంటుంది, పెచ్చులు లేస్తుంది. మాట్లాడుతుందనేవాళ్లు. ఆ మాట వినే ఎంతోమంది బయటికి ఉరికారు. రూఫ్‌లోకి హోల్ కొట్టి బిగించే ఇనుప బోల్టు అలా మాట్లాడదు. కానీ దిమ్మె పడిపోయే రాయిని కింద నుంచి మోస్తుంది, బోల్టు రాతి పొరలన్నీ కుట్టి ఒకే దూలంలా చేస్తుంది. బలం సంగతి వస్తే నేను బోల్టు వైపే.

ఒకప్పుడు ఏ రూఫ్‌కు ఎన్ని బోల్టులన్నది ఊహతో తేల్చేవాళ్లం. ధన్‌బాద్ పరిశోధకులు మన దేశపు గనుల రూఫ్‌లను పరిశీలించి రేటింగ్ తయారుచేశారు. వెంకటేశ్వర్లు, ఘోష్, రాజు గార్ల పేపర్ 1989లో అచ్చయింది. నూరు మార్కుల్లో రాతి పొర మందానికి 30, పగుళ్లు అతుకులకు 25, తేమ తగిలితే రాయి నానిపోయే గుణానికి 20, బలానికి 15, ఊరే నీటికి 10. బలానికి పదిహేనే ఎందుకో ఆలోచించు. గట్టి రాయైనా పల్చటి పలకలుగా ఉంటే అప్పడాల దొంతరే కదా.

ఆ రేటింగ్ ఇచ్చిన రోజు రూఫ్ వేరు, నాలుగు నెలలకు పక్కన వదిలిన బొగ్గు పిల్లర్లు తీశాక అదే రూఫ్ వేరు. అందుకే టెల్‌టేల్, రూఫ్ కదలిక చూపే పరికరం. హోల్‌లో రెండు ఎత్తుల్లో యాంకర్లు, కింద రంగు పట్టీలు. ఒకటి బోల్టులున్న మేర కదిలితే చెబుతుంది, రెండోది ఆ పైన కదిలితే చెబుతుంది. రెండోది కదిలిందంటే బోల్టులతో సహా మొత్తం దిగుతోందని అర్థం.

తట్టడం మాననక్కర్లేదు. గట్టి రూఫ్ ఖంగుమంటుంది, విడిపోయినది డొల్లగా పలుకుతుంది. కుడిచేత్తో రాడ్ పట్టి తడుతూ ఎడమ చేతి వేళ్లు రూఫ్‌కు ఆనించు, వదులు రాయి వేళ్ల కింద అదురుతుంది. ఈ రెండోది ఎందుకు చెబుతున్నానంటే, ముప్పయ్యేళ్లు డ్రిల్ పక్కన నిలబడ్డ సర్దార్ (రూఫ్ తట్టి చూసే గని ఉద్యోగి) చెవికి డొల్ల శబ్దం వినపడకపోవచ్చు. ఒకాయన ఖంగుమందన్న చోట నాకు డొల్లగా వినిపించింది. ఆయన అనుభవం ముందు నేనెంత అని ఊరుకోబోయి, మళ్లీ ఎందుకో తట్టించాను. పెచ్చు పడింది, మంచం అంత. అప్పటికి అందరం పక్కకు జరిగే ఉన్నాం. ఆయన చెవులు ఎవరూ పరీక్షించలేదు, నేనూ అడగలేదు.

ప్రశ్న: గనుల్లోకి పిట్టల్ని తీసుకెళ్లేవారంటారు. కథేనా?
- ఖమ్మం

జవాబు: నిజమే. బ్రిటన్‌లో కెనరీ పిట్టల్ని 1986లో మాన్పించారు. పిట్ట చూసేది కార్బన్ మోనాక్సైడ్ కోసం, దానికి వాసన ఉండదు. మనకంటే ముందు పిట్ట సొమ్మసిల్లుతుంది. మీథేన్‌కు మాత్రం మేం సేఫ్టీ ల్యాంప్ మంట తగ్గించి, దాని మీద లేత నీలి టోపీ లేస్తుందేమో చూసేవాళ్లం.

ప్రశ్న: అందరికీ చెబుతారు. మీరు ఎక్స్‌రే తీయించుకున్నారా?
- గోదావరిఖని నుంచి, పేరు వద్దన్నారు

జవాబు: తీయించుకున్నాను, రిటైరైన మూడో ఏడు. ఈ ఎక్స్‌రేలను అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇచ్చిన నమూనా ఫిల్ముల పక్కన పెట్టి చదువుతారు. సున్నా అంటే దుమ్ము మచ్చలు లేనట్టే. నాది 1/0 అని రాశారు. అంటే చదివిన డాక్టర్ 'ఒకటి' అని తేల్చాడు గానీ, సున్నానేమో అని కూడా గట్టిగా ఆలోచించాడని అర్థం. మా ఆవిడకు ఆ సున్నా ఒక్కటే చూపించాను. మళ్లీ మార్చిలో తీయించుకోవాలి.