విమానం భయంతో 900 కిలోమీటర్లు కారులో వెళ్లాలా?

వార్తల్లో విమాన ప్రమాదం చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉందని, టికెట్ రద్దు చేసుకుని 900 కిలోమీటర్లూ రాత్రంతా కారు నడుపుకుంటూ వెళ్తానని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ప్రమాదం తప్పుతుందనుకుని ఇంకా పెద్ద ప్రమాదంలోకి వెళ్తున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన రోడ్ల మీద ఏటా దాదాపు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. 2017లో ప్రపంచం మొత్తమ్మీద పెద్ద ప్రయాణికుల జెట్ విమానాల ప్రమాదాల్లో ఒక్క ప్రయాణికుడు కూడా చనిపోలేదు. ప్రతి ఏడాదీ అలాగే ఉండదు, నిజమే. అయినా ఆ లెక్క ఎక్కడ, ఈ లెక్క ఎక్కడ! 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లెక్కారు. దానివల్ల ఏడాదిలో రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయారని మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ అంచనా వేశారు.

"కారైతే స్టీరింగ్ నా చేతిలో ఉంటుంది" అన్నారు. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ నిద్ర మీ చేతిలో ఉండదు కదా? తెల్లవారుజామున మీకే మూడు సెకన్లు రెప్ప వాలిందనుకోండి, 100 కిలోమీటర్ల వేగంలో కారు 80 మీటర్లకు పైగా తనంతట తానే వెళ్లిపోతుంది. విమానంలో పైలట్లు ఇద్దరుంటారు.

కుదుపుల గురించి కూడా అడిగారు. విమానం ఎదుర్కొనే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా రెక్కలు తయారవుతాయి. కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివాళ్లకే. రెక్కల దగ్గరి సీటు తీసుకోండి, కుదుపు కాస్త తక్కువగా తెలుస్తుంది. కూర్చున్నంతసేపూ బెల్టు తీయకండి.