హెడ్ ప్యాకింగ్ నాలుగు నెలల్లో రెండుసార్లు పోయింది, ఎందుకు?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది ఆత్మకూరు, నంద్యాల జిల్లా. సొంత లారీ, పది టైర్లది, 12 వాల్వుల కమ్మిన్స్ 6బీటీ ఇంజను, నేనే తోలుకుంటా. కర్నూల్లో ఉల్లిగడ్డ ఎత్తుకుని తాడేపల్లిగూడెం పోతుంటా. సంక్రాంతి అయినాక దోర్నాల ఘాట్‌లో బండి హీటెక్కి హెడ్ ప్యాకింగ్ (ఇంజను బ్లాకుకీ పైనున్న హెడ్డుకీ మధ్య వేసే పలక) పోయింది. హెడ్డు దింపి, గ్రైండర్‌తో బాగా క్లీన్ చేసి, పేస్టు పూసి కొత్తది వేశారు. ఎండాకాలం కదా అని థర్మోస్టాట్ వాల్వు కూడా పీకేశారు. మళ్ళీ అదే ఘాట్‌లో మొన్న పోయింది. రేడియేటర్ మూత తీస్తే బుడగలు, ఆయిల్ చూస్తే పాల టీ లెక్క ఉంది. ప్యాకింగ్ నాసిరకం అంటున్నారు, కంపెనీది వేస్తే నిలుస్తదా? బోల్టులు పాతవే వాడొచ్చా?

జవాబు: తమ్ముడూ, మంచి ప్యాకింగే వెయ్యి, కాదనను, కానీ ఇప్పుడున్న పరిస్థితిలో కంపెనీది వేసినా అది కూడా అదే ఘాట్‌లో పోద్ది. నీ ఉత్తరంలో రెండు ముక్కల దగ్గర ఆగిపోయా, ఒకటి గ్రైండర్, రెండోది థర్మోస్టాట్.

ముందు థర్మోస్టాట్ సంగతి చెప్తా, ఎందుకంటే ఎండాకాలం వస్తే సగం లారీల్లో ఇదే పని చేస్తారు, వాల్వు పీకేస్తే నీళ్ళు ఫ్రీగా తిరిగి ఇంజను చల్లగా ఉంటదని. నీ ఇంజన్లో ఆ వాల్వు చేసే పనులు రెండు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా బైపాస్ దారిలో లోపలే తిప్పుద్ది. 83 డిగ్రీల దగ్గర తెరుచుకోడం మొదలెట్టి 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంటది, తెరుచుకుంటూనే ఆ బైపాస్ దారిని మూసేస్తది. ఆ మూసే పనే ఎవరికీ గుర్తుండదు. వాల్వు లేదనుకో, బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటది, కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే వేడివేడిగా మళ్ళీ ఇంజన్లోకే వచ్చేస్తది. వినుకొండ దాటాక సాపు రోడ్డు మీద నీకు తేడా తెలీదు, మీటరు కూడా మామూలుగానే ఉంటది, కానీ నిండు లోడుతో మూడో గేర్లో ఘాట్ ఎక్కేటప్పుడు బండారం బయటపడద్ది. మొదటిసారి హీట్ ఎందుకెక్కిందో ఎవరూ చూడలేదు, రెండోసారికి వాల్వు పీకి ఆ మేస్త్రులే ఇంకో కారణం కలిపారు.

మరి మొదటిసారి ఎందుకెక్కింది? నేనైతే రేడియేటర్‌కీ, దాని ముందుండే ఇంటర్‌కూలర్‌కీ (టర్బో గాలిని చల్లబరిచే జాలీ) మధ్య సందులో లైటు వేసి చూస్తా. ఉల్లిపాయ బండ్లలో ఆ సందులో పొట్టు, దుమ్ము పరుపులా పేరుకుపోవడం నేను చాలాసార్లు చూశా, ముందు నుంచి చూస్తే రేడియేటర్ తళతళా మెరుస్తుంటది, మధ్యలో గాలి ఆడదు. తర్వాత రేడియేటర్ మూత. ఒక బార్ ప్రెజర్ పట్టే మూత మంచిదైతే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు, రబ్బరు పోయిన మూతైతే వందకే మరిగి పొంగిపోతాయి. ఫ్యాన్ బెల్టు లూజు, వాటర్ పంపు, బోరు నీళ్ళు పోసీ పోసీ లోపల కట్టిన సున్నం, అన్నీ వరసగా చూపించు. ఇంకోటి, కోపం తెచ్చుకోకు, పికప్ కోసం డీజిల్ పంపు ఏమన్నా పెంచించావా? పెంచితే లోపల మంట వేడీ ప్రెజరూ రెండూ పెరుగుతాయి, ఆ దెబ్బ నేరుగా ప్యాకింగ్ మీదే.

ఇక గ్రైండర్. డిస్కు పెట్టి హెడ్డు, బ్లాకు రుద్దితే చూడ్డానికి అద్దంలా ఉంటది కానీ చెయ్యి ఎక్కడ గట్టిగా ఆనితే అక్కడ గుంట పడద్ది. హెడ్డు అడ్డంగా స్కేలు పెట్టి చూస్తే 0.075 మిల్లీమీటర్లు మించి తేడా ఉండకూడదు, మన భాషలో మూడు థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే రోజూ చదివే పేపర్ ఒక్క పొర మందం. అది దాటిన సందు చాలు, ప్యాకింగ్ పోడానికి. పైగా ఆ డిస్కు రాలే పొడి ఆయిల్లోకి దిగితే బేరింగులు తినేస్తది. ప్లాస్టిక్ పట్టీతోనో మొద్దు బ్లేడుతోనో ఓపిగ్గా గీకాలి, సిలిండర్ బోర్లలో గుడ్డలు కుక్కి.

ఈసారి హెడ్డు దింపాక మెషిన్ షాపుకి పంపు. ముందు క్రాక్ టెస్ట్ అడుగు, ఎందుకంటే ఘాట్‌లో హీటెక్కినప్పుడు ఎవరైనా చల్లనీళ్ళు గబగబా పోసుంటే హెడ్డు చిట్లి ఉండొచ్చు, చిట్లిన హెడ్డు మీద ఏ ప్యాకింగ్ వేసినా దండగే. తర్వాత ఫేసింగ్, అంటే మెషిన్ మీద సాపుగా కోయించడం. ఈ ఇంజన్లో మంట గుంట పిస్టన్ తలలోనే ఉంటది, హెడ్డు సాపు పలక, కాబట్టి హెడ్డు కొంచెం కోస్తే కంప్రెషన్ పెద్దగా మారదు, కానీ వాల్వులు కిందికి దిగినట్టు అవుతాయి, అందుకని వాల్వు ఎంత లోతున కూర్చుందో కొలిచి అవసరమైతే సీటు కోయించాలి. బ్లాకు ఫేసింగ్ చేయిస్తే మాత్రం కథ వేరు, పిస్టన్ పైకి లేచినట్టే, అప్పుడు 0.25 లేదా 0.50 ఎక్కువ మందం ఉన్న ప్యాకింగ్ వెయ్యాలి. దింపేటప్పుడు ఒక మాట, హెడ్డు 50 కేజీల పైన ఉంటది, ఇద్దరు పట్టండి, డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పకుండా హెడ్డుని బోర్లా పెడితే మొనలు విరుగుతాయి.

ప్యాకింగ్‌కి పేస్టు వద్దు. శుభ్రంగా, పొడిగా వెయ్యాలి. అదేదో ఆవకాయకి నూనె పోసినట్టు పోస్తారు మనోళ్ళు.

బోల్టులు పాతవి వాడొచ్చు, కొలిచాక. ఈ బోల్టులు బిగించినప్పుడు కొంచెం సాగుతాయి, ఒక్కో సైజుకి ఇంత పొడవు దాటకూడదని లెక్కుంది, కొత్త బోల్టు పక్కన పెట్టి చూసినా సాగింది తెలిసిపోద్ది, మర నలిగినా తుప్పు తిన్నా పక్కన పడెయ్యి. మొత్తం 26 ఉంటాయి. బోల్టు గుంటల్లో నీళ్ళు, ఆయిల్ గాలి కొట్టి తీసెయ్యాలి, లేకపోతే బోల్టు అడుగున నీళ్ళు అడ్డుపడి టార్క్ (బిగింపు) వచ్చినట్టు రెంచి చెప్తది, హెడ్డు మాత్రం దిగదు. మరకీ, బోల్టు తల కిందా ఇంజనాయిల్ చుక్క రాయి. మధ్యలోంచి మొదలెట్టి చివరలకి పోతూ బిగించాలి. నాకు తెలిసిన ఒక పద్ధతిలో అన్నీ 90 న్యూటన్ మీటర్లు, తర్వాత పొడుగు బోల్టులు మాత్రం 120, ఆఖర్న అన్నీ ఒక్కో పావు చుట్టు. ఇంకా పాత ఇంజన్లకి 40, 85, 126 అని మూడు విడతలు. నీ ఇంజన్ నంబరు ప్లేటు చూసి దాని పుస్తకంలో ఏదుందో అదే పట్టుకో, రెండూ కలపొద్దు. రాడ్డు పెట్టి చేతి లెక్కన బిగించే మేస్త్రులున్నారు, నేనూ కుర్రతనంలో అలాగే బిగించా, కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు.

ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే సెట్ చెయ్యాలి, ఇన్లెట్ 10 థౌ, ఎగ్జాస్ట్ 20 థౌ. పుష్ రాడ్లు అట్టముక్కకి బెజ్జాలు పెట్టి వరసగా గుచ్చుకో, ఎక్కడిది అక్కడే రావాలి. థర్మోస్టాట్ కొత్తది వేయించు, కూలెంట్ సగం మంచినీళ్ళు సగం పోయించు. ఆ టీ లాంటి ఆయిల్ మొత్తం తీసేసి ఫిల్టర్‌తో సహా మార్చి, కాసేపు నడిపి మళ్ళీ చూడు, తెల్లగా కనిపిస్తే ఇంకోసారి మార్చు. నీళ్ళు కలిసిన ఆయిల్‌తో ఎన్ని కిలోమీటర్లు తోలావో రాయలేదు, ఎక్కువైతే ఛాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ తొట్టి) దింపి బేరింగులు కూడా చూపించుకో.

ప్రశ్న: రేడియేటర్లో పసుపు వేస్తే లీకు ఆగుతుందని మా డ్రైవర్ అంటాడు. హెడ్ ప్యాకింగ్ లీకుకి కూడా పనిచేస్తుందా సార్? – ఖమ్మం నుంచి ఒక ట్రాక్టర్ ఓనర్

జవాబు: రేడియేటర్‌కి సూది బెజ్జమంత లీకుంటే ఆగుద్దండి, అడవి మధ్యలో ఇరుక్కుంటే ఇల్లు చేరడానికి నేనూ వేశా. ప్యాకింగ్ దగ్గర సిలిండర్లోంచి తన్నుకొచ్చే ప్రెజర్ ముందు పసుపు ఏం నిలబడుద్ది? ఇంటికొచ్చిన వెంటనే నీళ్ళన్నీ వదిలేసి కడిగించండి, లేకపోతే ఆ పసుపే రేడియేటర్ గొట్టాల్లో గడ్డకట్టుకుపోతుంది, అప్పుడు హీటెక్కడం మొదలైద్ది. ప్యాకింగ్ పోయిందో లేదో తెలియాలంటే పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి రేడియేటర్ పైగొట్టం చేత్తో నొక్కి చూడండి, నీళ్ళు వేడెక్కకముందే ఒకట్రెండు నిమిషాల్లో గొట్టం రాయిలా గట్టిపడితే మేస్త్రిని పిలవండి.