బేస్, రిథమ్ గిటార్లను విడిగా వినడం ఎలా? – సమాధానం

క్లాసిక్ రాక్‌లో (పాత తరం రాక్ సంగీతంలో) సోలో గిటారు తప్ప, మంద్రస్వరాలు పలికే బేస్, పాటకు లయనిచ్చే రిథమ్ గిటార్లు విడిగా వినిపించడం లేదని మీరు రాశారు. లోపం మీ చెవిది కాదు. బేస్ గిటారు మందమైన తీగ మూలస్వరం సుమారు 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 కంపనాలు. అంతటి మంద్రాన్ని ఫోన్ స్పీకరు పలికించలేదు గనుక, ముందుగా మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

ఆపై 1980లో వచ్చిన ఏసీ/డీసీ బృందం వారి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ పాటను ఒక్కొక్క చెవితో వినండి. అన్న మాల్కమ్ యంగ్ రిథమ్ ఒక పక్కన, తమ్ముడు ఆంగస్ గిటారు మరో పక్కన వినిపిస్తాయి. మాల్కమ్ ఒక కార్డును (chord – ఒకేసారి పలికే కొన్ని స్వరాలను) మోగించి, టక్కున ఆపి, ఆ ఖాళీలో డ్రమ్ముకు చోటిచ్చే తీరు నాకెంతో ఇష్టం. పాటకు నడక వచ్చేది అక్కడే.

బేస్ కోసమైతే ‘ద హూ’ బృందం 1965 నాటి ‘మై జనరేషన్’ వినండి. గిటారు సోలో రావలసిన చోట జాన్ ఎంట్‌విసల్ బేస్ పలుకుతుంది. ఆ వరసను నోటితో కూనిరాగంగా తీయగలిగేదాకా మళ్లీ మళ్లీ వినండి.