పదివేల ల్యూమెన్ల లైటు కొనాలా?

సైకిల్ కొట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లైట్ల గురించే. చలికాలం వచ్చిందంటే ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది, పొద్దున్న ఆరు దాటితే గానీ వెలుగు రాదు. ఏలూరులో మా కొట్టుకు వచ్చేవాళ్లు అడిగేవీ ఇవే కాబట్టి ఈసారి పేజీ మొత్తం లైట్లకే ఇచ్చేశాను. గేర్ల సంగతి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: గచ్చిబౌలిలో ఆఫీసు, మియాపూర్‌లో ఇల్లు. రాత్రి తొమ్మిది తర్వాత సైకిల్ మీదే వెళ్తాను. ఆన్‌లైన్‌లో 300 ల్యూమెన్ల లైటు పన్నెండు వందలుంటే, పదివేల ల్యూమెన్లది ఎనిమిది వందలకే ఉంది. ఏది తీసుకోమంటారు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: 300దే తీసుకోండి బాబూ. ఆ పదివేలు అట్టపెట్టె మీద మాత్రమే ఉంటాయి.

చిన్న లెక్క చెబుతాను. ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత. ఇంట్లో పెట్టుకునే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు 900 ల్యూమెన్ల వెలుగిస్తుంది. అంటే వాటుకు వంద. ఆ లెక్కన పదివేల ల్యూమెన్లకు వంద వాట్లు కావాలి. సైకిల్ లైట్లలో ఎక్కువగా ఉండేది 18650 రకం లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. 2600 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే అంకె) సెల్లులో పట్టేది సుమారు తొమ్మిదిన్నర వాట్-అవర్లు. వంద వాట్లు లాగితే ఆరు నిమిషాలకు ఖాళీ. గచ్చిబౌలి సిగ్నల్ దాటకుండానే చీకటన్నమాట. అదే సెల్లు 500 ల్యూమెన్ల లైటును ఇంచుమించు రెండు గంటలు నడుపుతుంది.

మొన్న ఒకాయన అలాంటి లైటే పట్టుకొచ్చాడు, పది నిమిషాలకే మసకబారుతోందని. విప్పి చూస్తే సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని బంగారు రంగు అక్షరాలు. 18650 సైజులో మంచి కంపెనీల సెల్లులు కూడా ఎక్కువగా 3500 చుట్టూనే ఉంటాయి. అసలైన సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ తూగాలి. పక్కనే ఉన్న బంగారం కొట్లో కాటా మీద పెట్టించాం, అందులో సగం చిల్లర తూగింది. చేతిలో పట్టుకుంటేనే బోలుగా ఉన్నట్టు తెలిసిపోతుంది. (లోపలేముందో చూద్దామని సెల్లును మాత్రం కోయకండి, అంటుకుంటుంది.)

ఇక మీకు ఎంత వెలుగు కావాలన్నది. వీధి దీపాలున్న రోడ్డు మీద ముందు లైటు ప్రధానంగా మీరు ఎదుటివాళ్లకు కనబడటానికి. 200, 300 ల్యూమెన్లు సరిపోతాయి. మధ్యలో దీపాలు వెలగని ముక్క ఏదైనా ఉంటే 400 నుంచి 600 దాకా ఇచ్చే మోడ్ ఉన్నది చూసుకోండి. అంతకు మించి పెంచితే కంటికి పెద్ద తేడా ఉండదు. ల్యూమెన్లు రెట్టింపైనంత మాత్రాన వెలుగు రెట్టింపైనట్టు కంటికి అనిపించదు.

అంకె కన్నా ముఖ్యమైనది వెలుగు ఎక్కడ పడుతోందన్నది. గంటకు 30 కిలోమీటర్ల మీద పోతున్నారనుకోండి, సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా వెళ్తున్నట్టు. గుంతను చూసి, బ్రేకు నొక్కి, ఆగేసరికి ఇరవై మీటర్లు దాటిపోతుంది. 20 మీదైతే పన్నెండు మీటర్లు. కాబట్టి లైటు కనీసం ఇరవై, ఇరవై ఐదు మీటర్ల దూరంలో రోడ్డును చూపించాలి. ముందు చక్రం దగ్గర తెల్లగా మెరిసే వృత్తం ఉండి ఏం లాభం?

దీన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. సైకిల్‌ను గోడకు ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టండి. హ్యాండిల్ మీద లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దముక్కతో గీత పెట్టండి. లైటు వేస్తే బాగా వెలుగున్న నడిభాగం ఆ గీతకు జానెడు కింద పడాలి. లైటు మీటరు ఎత్తులో ఉంటే ఆ వెలుగు ఇంచుమించు పాతిక మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. గీతకు పైన పడిందంటే మీరు ఎదుటివాడి కళ్లలో కొడుతున్నట్టే. వాడు తిరిగి మీకు అప్పర్ కొడతాడు, అప్పుడు ఇద్దరికీ ఏమీ కనబడదు.

ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న ట్రాక్ మీద తొక్కుతానని రాశారు. 2023 అక్టోబరులో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్‌కు దీపాలున్నాయి. అక్కడ లో మోడ్ చాలు.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి పదో తరగతి. ట్యూషన్ నుంచి ఏడున్నరకు కాలువ గట్టు మీద సైకిల్‌పై వస్తుంది. ఇల్లు చేరేదాకా నాకు టెన్షనే. ఆరు వందల్లో ఏం కొనొచ్చు?
– ఒక గృహిణి, కోనసీమ

జవాబు: అమ్మా, ఆరు వందల్లో రెండు లైట్లూ వస్తాయి. కానీ డబ్బు చాలకపోతే మొదట వెనక లైటే కొనండి. అమ్మాయి ఎదుట ఏముందో నెమ్మదిగా తొక్కితే కొంతైనా కనబడుతుంది. వెనక నుంచి వచ్చే ట్రాక్టరు తనను చూసిందో లేదో మాత్రం తనకు తెలిసే దారే లేదు.

ముందు లైటుకు 150, 200 ల్యూమెన్లు ఉంటే చాలు. అమ్మాయి ఎటూ పది పన్నెండు కిలోమీటర్ల వేగం మీదే వస్తుంది. ఫోన్ చార్జర్‌తో చార్జింగ్ పెట్టుకునేదైతే నయం. బటన్ సెల్లులు వేసేది చవగ్గా దొరుకుతుంది గానీ, నెలకోసారి సెల్లులకే డబ్బంతా పోతుంది.

వెనక లైటు సీటు కింద బిగిస్తే ఆడపిల్లల సైకిళ్లకు ఒక చిక్కుంది. క్యారియర్ మీద బ్యాగు పెడితే లైటు దాని వెనక్కి పోతుంది, లేకపోతే చున్నీ కప్పేస్తుంది. అందుకని క్యారియర్ చివర, రిఫ్లెక్టర్ ఉండేచోట బిగించమని మెకానిక్‌కి చెప్పండి. బిగించాక అమ్మాయిని బ్యాగుతో సహా సైకిల్ ఎక్కించి, మీరు వెనక యాభై అడుగులు నడిచి తిరిగి చూడండి. లైటు కనబడితే సరే.

మిగిలిన డబ్బులతో లారీలకు అతికించే ఎర్ర రిఫ్లెక్టర్ టేపు ఒక మూర కొనండి, ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతుంది. వెనక మడ్‌గార్డుకు కొంత అంటించండి. ఇంకో రెండు ముక్కలు గుడ్డ పట్టీలకు కుట్టి చీలమండలకు కట్టించండి. పెడల్‌తో పాటు పైకీ కిందకీ కదిలే ఆ మెరుపును చూస్తే డ్రైవర్లు 'అది సైకిల్' అని తొందరగా పోల్చుకుంటారని పరిశోధనల్లోనూ తేలింది. టేపుకు చార్జింగ్ అక్కర్లేదు, మర్చిపోయే పనీ లేదు.

ప్రశ్న: తెల్లవారుజామున నాలుగింటికి పేపర్లు వేస్తాను. వెనక లైటు బ్లింకింగ్‌లో పెట్టాలా, నిలకడగా వెలిగేలా పెట్టాలా?
– పేపర్ ఏజెంట్, వరంగల్

జవాబు: చీకట్లో నిలకడగానే. మినుకు మినుకుమనే లైటు గబుక్కున కంటపడుతుంది, నిజమే. కానీ అదెంత దూరంలో ఉందో, ఎంత వేగంగా దగ్గరవుతోందో వెనకొచ్చేవాడికి అంచనా దొరకదు. పొగమంచులో మరీ కష్టం. రెండు లైట్లు పెట్టుకోగలిగితే ఒకటి నిలకడగా, ఒకటి బ్లింకింగ్‌లో పెట్టండి. పగటిపూట, సాయంత్రం ట్రాఫిక్‌లో బ్లింకింగ్ మంచిదే. ముందు లైటు మాత్రం చీకటి రోడ్డు మీద ఎప్పుడూ బ్లింకింగ్‌లో వద్దు. ప్రతి రెప్పపాటుకూ రోడ్డు మాయమైపోతుంది.

రాత్రిపూట వెనక లైటుకు 20 నుంచి 50 ల్యూమెన్లు చాలు. రబ్బరు పట్టీ సాగిపోయి లైటు ఆకాశం వైపు చూస్తున్న సైకిళ్లు రోజూ మా కొట్టుకు వస్తుంటాయి. అలాంటప్పుడు ఎన్ని ల్యూమెన్లున్నా దండగే. పట్టీ పగుళ్లు తేలితే వెంటనే మార్చేయండి.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఎంఎస్ చదువుతున్నాను. ఇండియా నుంచి తెచ్చుకున్న సైకిల్ లైట్లు ఇక్కడ వాడొచ్చా?
– విద్యార్థి, జర్మనీ

జవాబు: పక్కన పెట్టేయండి. అక్కడి రోడ్డు నిబంధనల ప్రకారం లైటు మీద వంకర గీత, పక్కనే 'కే' అక్షరం, ఒక నంబరు ఉండాలి. ఆమోదం పొందిందనడానికి అదే గుర్తు. బ్లింకింగ్ అక్కడ కుదరదు. చీకట్లో లైటు లేకుండా దొరికితే 20 యూరోల జరిమానా మొదలు. ఆ డబ్బుకు అక్కడ ఒక మామూలు లైట్ల సెట్టే వస్తుంది.

ఆ 'కే' గుర్తున్న ముందు లైట్ల వెలుగుకు పైభాగంలో కత్తిరించినట్టు ఒక అంచు ఉంటుంది, కారు డిప్పర్‌కు ఉన్నట్టే. వెలుగంతా రోడ్డు మీదే పడుతుంది, ఎదుటివాడి ముఖానికి పోదు. మనకిక్కడ ఆ నిబంధన లేదు గానీ అలాంటి లైట్లు దొరుకుతున్నాయి. గుండ్రంగా చిమ్మే టార్చి లాంటి 800 ల్యూమెన్ల లైటు కన్నా ఇలా అంచున్న 300దే నాకు నచ్చుతుంది. మీరు సెలవులకు వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకుంటే ఇక్కడా పనికొస్తుంది.

ప్రశ్న: వచ్చే నెల మొదటిసారి 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) తొక్కుతున్నాను. లైటు మీద 'పది గంటలు' అని రాసుంది. సరిపోతుందా?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఆ పది గంటలు అన్నిటికన్నా తక్కువ వెలుగు మోడ్‌కు. మీరు వాడబోయే మోడ్‌లో ఎంతసేపు వస్తుందో ముందే ఇంట్లో వెలిగించి గడియారం పెట్టి చూసుకోండి. ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి, లేకపోతే వేడెక్కి తనంతట తనే వెలుగు తగ్గించేసుకుంటుంది, లెక్క తప్పుతుంది.

300కు గడువు 20 గంటలు. తెల్లవారుజామున బయల్దేరితే మొదట్లో గంటో రెండో చీకటి, చివర్లో ఇంకో ఐదారు గంటలు. ఒకే పెద్ద లైటు కన్నా మధ్యరకంవి రెండు మేలు. ఒకటి వెలుగుతుంటే రెండోది పవర్ బ్యాంకు మీద చార్జ్ అవుతుంది. కొన్ని లైట్లు చార్జింగ్ పెట్టగానే ఆరిపోతాయి, కొన్ని వెలుగుతూనే చార్జ్ అవుతాయి. కొనేముందు ఆ ఒక్క సంగతి గట్టిగా అడగండి. వెనకకు కూడా ఒక అదనపు లైటు పెట్టుకోండి. వెనకది ఆరిపోయిన సంగతి తొక్కేవాడికి చిట్టచివరనే తెలుస్తుంది. పంక్చరు పడితే చూసుకోవడానికి నుదుటికి కట్టుకునే చిన్న లైటు ఒకటి సంచిలో వేసుకోండి. రిఫ్లెక్టర్ జాకెట్ ఎలాగూ తప్పదు.

ఇంకోటి. ఇది వరి కోతల కాలం. పల్లెల్లో రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, రాత్రి పట్టాలు కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల పట్టా, నల్ల రోడ్డు, రాయి ఏ రంగుదైనా ఒకటే. రైతును అనుకుని లాభం లేదు, ఆయనకు కల్లం ఎక్కడుంది? సన్నగా దూరం కొట్టే లైటు కన్నా రోడ్డు వెడల్పంతా పరుచుకునే వెలుగు ఇక్కడ అవసరం. ఊరు వస్తుందనగానే వేగం తగ్గించండి.

ప్రశ్న: నా పాత సైకిల్‌కి డైనమో ఉంది. మా కాలంలో లైటు లేకపోతే పోలీసులు ఆపి గాలి తీసేసేవారు. ఇప్పుడీ చార్జింగ్ లైట్ల కన్నా అదే నయం కాదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, చార్జింగ్ గొడవ లేదన్నమాట నిజమే. టైరుకు రాసుకుంటూ తిరిగే ఆ సీసా డైనమో ఇచ్చేది 6 వోల్టులు, 3 వాట్లు. అందులో 2.4 ముందు బల్బుకు, మిగతా 0.6 వెనకకు. పాత ఫిలమెంట్ బల్బుకు అది గుడ్డి వెలుగే. ఎల్‌ఈడీకి అదే 3 వాట్లు ధారాళం. కాబట్టి డైనమోను ఉంచి, బల్బును మార్చండి. మామూలు ఎల్‌ఈడీని నేరుగా తగిలించకూడదు, డైనమో నుంచి వచ్చేది ఏసీ కరెంటు. డైనమో కోసమే చేసిన లైటు తీసుకోండి. వాటిలో కొన్నిటికి లోపల కెపాసిటర్ ఉండి, మీరు ఆగాక కూడా కొన్ని నిమిషాలు వెలుగుతాయి. పాత డైనమో లైటుకున్న పెద్ద లోపం అదే కదా, గేటు దగ్గర ఆగితే ఆరిపోవడం.

పాత బల్బులే వాడతానంటే ఒక జాగ్రత్త. వెనక బల్బు మాడితే ఆ భారమంతా ముందు బల్బు మీద పడి, పల్లంలో వేగంగా దిగేటప్పుడు అదీ మాడిపోతుంది. రెండూ ఒకేసారి పోయాయని మీరు గతంలో అనుకున్నది బహుశా ఇదే.

వానలో టైరు తడిసి డైనమో జారుతుంది. దానికి మందు లేదు. ముందు చక్రం హబ్బులోనే ఇమిడిపోయే డైనమోలకు ఆ బాధ ఉండదు. దూరాలు తొక్కేవాళ్లు వాటిని ఇష్టపడతారు, కానీ ధర మీ సైకిల్ కన్నా ఎక్కువ.

ప్రశ్న: వానలో తడిసిన లైటు ఇంట్లో వెలుగుతోంది, రోడ్డు మీద ఆరిపోతోంది. ఎందుకు?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: కుదుపుకు ఆరిపోతోందంటే లోపల ఏదో కాంటాక్టు తుప్పు పట్టి వదులైంది. నీళ్లు పోయింది చాలావరకు చార్జింగ్ రంధ్రం గుండానే. దాని రబ్బరు మూత సరిగ్గా కూర్చోకపోతే నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీఎక్స్ అంకె ఎంత రాసినా ఒకటే. అన్నట్టు ఐపీఎక్స్4 అంటే చినుకులకు ఓర్చుకుంటుంది, 6 అంటే గట్టి ధారకు, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా ఫరవాలేదని. మన వానలకు 6 ఉన్నది తీసుకోమ్మా. ఇప్పుడున్నదాన్ని మూత తీసి రెండు రోజులు నీడన ఆరబెట్టు, ఎండలో వద్దు, సెల్లు పాడవుతుంది. తడిగా ఉండగా చార్జింగ్ అసలు పెట్టకు. ఆరాక కూడా ఆగి ఆగి వెలుగుతుంటే విప్పి కాంటాక్టులు గీకించాలి. మీ ఊళ్లో మొబైల్ రిపేరు కుర్రాళ్లెవరైనా చేస్తారు.