డబ్బు కట్టినవారికే తాళాలా?

ప్రశ్న: ఒక వీడియో స్ట్రీమింగ్ సేవలో అన్నిటికన్నా ఖరీదైన ప్లాన్ తీసుకున్నాను. ఫోన్‌లో బొమ్మ స్పష్టంగా వస్తుంది గానీ కంప్యూటర్‌లో మసకగా ఉంటుంది. దాన్ని పెద్ద మానిటర్‌కు కలిపితే మాటలు వినిపిస్తాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. నేను కొన్న ఈ-పుస్తకం మరో కంపెనీ రీడర్‌లో తెరుచుకోదు. దొంగ కాపీలు చూసేవారికి లేని ఈ అవస్థ నాకెందుకు?

జవాబు: మీ ఇంటర్నెట్‌లో లోపమేమీ లేకపోయినా ఇలా జరుగుతుంది. ఈ మూడింటికీ మూలం డీఆర్‌ఎం అనే డిజిటల్ తాళం కావచ్చు. స్ట్రీమింగ్ సంస్థలు వీడియోను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే నేరుగా చూడలేని సంకేతాలుగా మార్చి పంపుతాయి. మీ పరికరం ఎంత భద్రమైనదో చూశాకే దాన్ని విప్పే తాళంచెవిని ఇస్తాయి. విస్తృతంగా వాడుకలో ఉన్న వైడ్‌వైన్ అనే డీఆర్‌ఎంలో మూడు స్థాయులున్నాయి. ఎల్1లో విప్పే పనంతా ప్రాసెసర్‌లోని రక్షిత భాగంలోనే జరుగుతుంది. ఎల్3లో అది సాఫ్ట్‌వేర్‌లోనే సాగుతుంది కాబట్టి, అక్కడ కాపీ చేయడం సులువని చాలా సేవలు ఆ పరికరాలకు పూర్తి నాణ్యత ఇవ్వవు. కొన్ని 480పీ అనే తక్కువ స్పష్టత దగ్గరే ఆపేస్తాయి. కంప్యూటర్ బ్రౌజర్లలో చాలావాటికి దక్కేది ఈ ఎల్3యే. మీరు ఎంత చందా కట్టారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఆ సంగతి చందా కట్టించుకునేటప్పుడు స్పష్టంగా చెప్పేవారూ తక్కువే.

నల్లటి తెరకు కారణం హెచ్‌డీసీపీ, అంటే కంప్యూటర్ నుంచి మానిటర్‌కు వెళ్లే దారిలో వీడియోకు వేసే తాళం అయి ఉండవచ్చు. కంప్యూటరూ, మానిటరూ, మధ్యలో అడాప్టర్ ఉంటే అదీ ఒకదాన్నొకటి ధ్రువీకరించుకోవాలి; వీటిలో ఒక్కటి పాతదైనా బొమ్మ ఆగిపోవచ్చు. 4కే వీడియోకు సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 అవసరం. అడాప్టర్ తీసేసి నేరుగా కలిపి చూడండి. బ్రౌజర్ బదులు ఆ సేవ సొంత యాప్ ఉంటే అదీ ప్రయత్నించండి. ఈ-పుస్తకం సంగతి వేరు. రెండు కంపెనీల రీడర్లూ ఈపబ్ అనే ఒకే రకం ఈ-పుస్తక ఫైళ్లను చదవగలిగినా, ఒకరి తాళం మరొకరి రీడర్‌లో తెరుచుకోదు.

ఇక దొంగ కాపీల మాట. ఎక్కడో ఎవరో ఒక్కసారి తాళం తీస్తే చాలు, ఆ తర్వాత చేతులు మారే ప్రతి కాపీ తాళం లేనిదే. ఎవరిని ఆపడానికి తాళం వేశారో వారికది అడ్డే రాదు, డబ్బు కట్టినవారికి మాత్రం ప్రతిసారీ అడ్డొస్తుంది. రచయితల, నిర్మాతల భయం నిజమైనదే; వారి జీవనం అమ్మకాలమీదే ఆధారపడి ఉంది. అయినా ఈ భారాన్ని నిజాయితీగా కొన్నవారి నెత్తిన పెట్టడం అన్యాయమనే నా అభిప్రాయం. తాళం లేకపోతే వ్యాపారం సాగదన్న వాదనకూ ఆధారం బలంగా లేదు. తన ఐట్యూన్స్ దుకాణంలో అమ్మే పాటలకు తాళం తీసేస్తున్నట్లు ఆపిల్ 2009 జనవరిలో ప్రకటించింది, పాటల అమ్మకం ఆగలేదు. టోర్ అనే ప్రచురణ సంస్థ 2012 నుంచి తన ఈ-పుస్తకాలను తాళం లేకుండానే అమ్ముతోంది.

ప్రశ్న: డబ్బిచ్చి కొన్న ఈ-పుస్తకాన్ని కంపెనీ వెనక్కి తీసుకోగలదా?

జవాబు: తీసుకోగలదు, తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2009 జులైలో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ పుస్తకాల కాపీలను పాఠకుల కిండిల్ పరికరాల నుంచి తొలగించింది. వాటిని అమ్మకానికి పెట్టినవారికి హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగి ఇచ్చింది, తర్వాత సంస్థ అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ చదవడానికి పనికిరాకుండా పోయాయి. అప్పుడూ డబ్బు తిరిగి ఇచ్చారు.

చాలా దుకాణాల్లో ‘కొనండి’ అన్న బటన్ నొక్కితే మనకు దక్కేది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి మాత్రమే. 2025 జనవరి 1 నుంచి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనుమతి మాత్రమే అమ్మేవారు ఆ సంగతి కొనుగోలుదారుకు స్పష్టంగా తెలియజేయాలని చట్టం ఉంది. కొనేముందు ఆ పుస్తకం డీఆర్‌ఎం లేకుండా దొరుకుతుందేమో చూడండి. దొరికితే ఫైలును మీ దగ్గరే భద్రపరచుకోండి. దొరకకపోతే, పుస్తకంలో మీరు రాసుకునే గమనికలనైనా విడిగా మరోచోట దాచుకోండి.